వాషింగ్ మిషన్ మోత పెడుతోందా? ఎప్పుడు పెడుతోందో ముందు వినండి

మా మిషన్ స్పిన్‌కి వచ్చిందంటే చాలు, కింది ఫ్లాట్ ఆంటీ ఫోన్ చేసి "ఏం బాబూ, ఇంట్లో బోరు వేయిస్తున్నారా?" అనేవారు. ఒక మెకానిక్‌ని పిలిస్తే వెనక మూత కూడా విప్పకుండా "బేరింగ్ పోయింది సార్" అన్నాడు. తీరా చూస్తే బేరింగ్ శుభ్రంగా ఉంది. అప్పటి నుంచి టాప్ లోడ్ మిషన్ ఏ శబ్దం చేసినా నేను మొదట అడిగేది ఒకటే: నీళ్లు నిండేటప్పుడా, ఉతికేటప్పుడా, స్పిన్‌లోనా?

ఏది విప్పాలన్నా ముందు ప్లగ్ పీకి, నల్లా కట్టేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. మోటారు పక్కనుండే కెపాసిటర్‌లో ప్లగ్ పీకాక కూడా కరెంటు నిల్వ ఉంటుంది, దాని జోలికి పోవద్దు.

నీళ్లు నిండేటప్పుడు

జుయ్‌మని మోగుతూ నీళ్లు సన్నగా వస్తుంటే, పైపు మిషన్‌కి తగిలే చోట చిన్న జాలీ ఉంటుంది, చూడండి. బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో అది ఇసుకతో, తెల్లటి పొరతో మూసుకుపోతుంది. పాత టూత్ బ్రష్‌తో తోమితే చాలు. నీళ్లు ఆగగానే గోడలో 'ధన్' మని కొడితే అది ప్రెషర్ దెబ్బ. నల్లా సగమే తిప్పి, ఊగే పైపుని క్లాంప్‌తో బిగించండి. నీళ్లు వదిలే ముందు వచ్చే చిన్న 'గర్ర్', స్పిన్ మొదలయ్యే ముందు 'టక్' మామూలే, టెన్షన్ పడకండి.

ఉతికేటప్పుడు

గలగల, టకటక వస్తే అడుగున తిరిగే ప్లాస్టిక్ చక్రం, అంటే పల్సేటర్ కింద ఏదో చేరిందన్నమాట. మధ్యలో మూత ఉంటే తీసి, కింద ఉన్న స్క్రూ విప్పండి. మన దగ్గర ఉప్పు నీళ్లకి ఆ స్క్రూ మొండికేస్తుంది. కాస్త వెనిగర్ పోసి అరగంట ఆగండి. చక్రం అంచు కింద స్క్రూడ్రైవర్ పెట్టి లేపబోతే ప్లాస్టిక్ విరుగుతుంది. నేను చక్రానికున్న రంధ్రాల్లోంచి పాత లంగా నాడాని రెండు వైపులా దూర్చి, రెండు కొసలూ పట్టుకుని నిటారుగా లాగాను. బురదలాంటి సబ్బు పేరుకుని ఉంది. అందులో రెండు రూపాయల బిళ్లలు మూడు, జాకెట్టు హుక్కులు, ఒక పిన్నీసు. పిన్నీసు మొన చక్రాన్ని గీరిన గుండ్రటి గీత స్పష్టంగా కనిపించింది. అంతా కడిగి మళ్లీ బిగించేటప్పుడు స్క్రూ గట్టిగా తిప్పండి. వదులుగా ఉంటే చక్రం లోపలి పళ్లు అరిగి, మోటారు తిరుగుతున్నా బట్టలు కదలవు. అప్పుడు కరకరమంటుంది, పల్సేటర్ మార్చాల్సిందే.

మొదలవగానే కీచుమంటే బెల్టు. పగుళ్లున్నా, వదులైనా మార్చండి. బెల్టు మీద నంబరు ఉంటుంది, అది ఫోటో తీసుకుని వెళితే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బెల్టులు, బేరింగులు అమ్మే దుకాణాల్లో అడగవచ్చు. కీచు తగ్గుతుందని కొబ్బరినూనె రాయడం మా ఇంట్లోనూ జరిగింది. బెల్టు జారి ఇంకా పాడైంది. బెల్టు లేని డైరెక్ట్ డ్రైవ్ మోడల్ అయితే ఈ బాధ లేదు. 'హమ్' మని మూలిగి మోటారు తిరగకపోతే కెపాసిటర్ అయ్యుండొచ్చు, అది మెకానిక్ పని.

స్పిన్‌లో

అసలు గోల ఇక్కడే. ముందు బట్టలన్నీ తీసేసి ఖాళీ టబ్‌తో స్పిన్ పెట్టండి. మోత పోయిందా? తప్పు బట్టలది. దుప్పటి ఒక్కటే వేస్తే ఉండలా చుట్టుకుని ఒక పక్కకి చేరి టబ్‌ని గోడకేసి బాదుతుంది, తోడుగా రెండు టవల్స్ వేసి సర్దండి. రెయిన్‌కోటు, ప్లాస్టిక్ షీటు మాత్రం స్పిన్‌లో వేయొద్దు. నీళ్లు బయటికి పోక బరువు ఒకే పక్క నిలిచి టబ్ ఎగిరిపడుతుంది.

ఖాళీగా కూడా ఊగితే కాళ్లు చూడండి. మన వాష్ ఏరియాలో నేల నీళ్లు పోయే జాలీ వైపు వాలుగా ఉంటుంది. మూత మీద ఎదురెదురు మూలల్ని మార్చి మార్చి నొక్కండి. ఊగితే పొట్టి కాలిని తిప్పి దింపి, లాక్ నట్ బిగించండి. కింద అట్టముక్క మడిచి పెట్టడం వద్దు, తడిసి నలిగిపోతుంది. చక్రాల స్టాండ్ మీద పెట్టిన మిషన్ అయితే స్టాండ్ తీసేసి చూడండి. మాకు సగం మోత దానితోనే పోయింది.

కాళ్లు సరిగ్గానే ఉన్నాయా? మిషన్ ఆపి టబ్‌ని కిందికి నొక్కి వదలండి. పైకి వచ్చి కుదురుకుంటే మంచిది, స్ప్రింగులా నాలుగైదుసార్లు ఊగితే టబ్‌ని మోసే సస్పెన్షన్ రాడ్లు నీరసించాయి. నాలుగు మూలలా నాలుగుంటాయి, ఒకటి పాడైనా నాలుగూ కలిపే మార్చండి. కొత్తది ఒకటే వేస్తే టబ్ ఒక పక్కకి ఒరుగుతుంది. కొత్త మిషన్ మొదటి రోజు నుంచే బాదుతుంటే, ప్యాకింగ్‌లో పెట్టిన థర్మోకోల్ ముక్క తీయలేదేమో చూడండి.

వేగం పెరిగేకొద్దీ విమానం లేచినట్టు మోత పెరిగి, మిషన్ కింద తుప్పు రంగు నీళ్లు పడుతుంటే, అప్పుడు బేరింగ్. లోపలి టబ్ అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపితే లొడలొడ ఆడుతుంది. బేరింగ్‌లోకి నీళ్లు చేరింది వాటిని ఆపే సీల్ పోయినందువల్లే కాబట్టి బేరింగ్‌తో పాటు సీల్ కూడా మార్చమనండి, లేకపోతే కొత్తది కూడా పాడవుతుంది. కొన్ని మోడల్స్‌లో గేర్ బాక్స్ మొత్తం మార్చాలంటారు. ఆ మాట విన్నాక రేటు ముందే మాట్లాడుకోండి, తీసిన పాత సామాను మీ చేతికి ఇమ్మనండి. డబ్బు ఇచ్చే ముందు మెకానిక్ ఎదుటే ఖాళీ టబ్‌తో ఒక స్పిన్ వేయించి వినండి.