నాటుకోడిని స్టఫ్ చేస్తుంటే ఎక్కడ చెడుతోంది? కొత్తవాళ్లకి సమస్య - పరిష్కారం

చచ్చిన పక్షి తోలు ఒలిచి, లోపల నార ఒళ్లు పెట్టి కుట్టి, బతికున్నట్టు బొమ్మగా నిలబెట్టే పని (టాక్సిడెర్మీ) ఇది, వంట కాదు. నేర్చుకోవడానికి నాటుకోడి పెట్ట చాలు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల చెరువు పక్కన చచ్చిపడిన గూడబాతు (పెలికాన్) పిల్ల కనిపిస్తే సంచిలో వేసుకోవాలనిపిస్తుంది, వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చచ్చిన అడవి పక్షి కూడా ప్రభుత్వ సొత్తే, చేతికొస్తే 48 గంటల్లో పోలీసులకో ఫారెస్టు వాళ్లకో చెప్పాలి. "నేను చంపలేదు కదా" అంటే కుదరదు. జబ్బుతో పోయిన కోళ్ల జోలికీ పోవద్దు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ చూశాం కదా. గ్లౌజులు, మాస్కు ఎప్పుడూ ఉండాల్సిందే.

పొట్ట దగ్గర ఈకలు పై పొరతో సహా ఊడొస్తున్నాయి

కుళ్లు మొదలైంది. మే నెల బెజవాడ ఎండలో, పొద్దున కోసిన కోడిని మధ్యాహ్నం దాకా కవర్లో ఉంచితే చాలు, పేగుల్లోని బ్యాక్టీరియా ముందు పొట్ట తోలునే పట్టుకుంటుంది. పొట్ట మీద నాలుగు ఈకలు మెల్లగా లాగి చూడండి, తోలు పై పొర జారిపోతూ ఉండి, పొట్ట ఆకుపచ్చగా మారి ఉంటే పాతిపెట్టేయండి, దాన్ని ఏ మందూ బాగుచేయదు. రూపాయి బిళ్ల అంత చోటే పోతే లోపల వెలిగారం, అదే బోరాక్స్, రుద్ది తోలు ఆరాక ఊడిన ఈకల్ని ఒక్కొక్కటే ఫెవికాల్‌తో అంటించుకోవచ్చు, ఓపికుంటే.

కోసిన వెంటనే గొంతులో దూది కుక్కి, రెక్కలు మూసి, గాలి లేకుండా చుట్టి డీప్ ఫ్రీజర్లో పడేయండి. మళ్లీ బయటికి తీసేటప్పుడు ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా కరగనివ్వాలి. బల్ల మీద పెడితే లోపలి మంచు కరిగేలోపే పైన తోలు పాడవుతుంది. ఒంటి నిండా ఈకలు ఊడుతున్నాయంటే మాత్రం చికెన్ షాపువాడు అలవాటుగా వేడినీళ్లలో ముంచి ఉంటాడు, ముందే గట్టిగా చెప్పుకోవాలి.

ఆరిన కొన్నాళ్లకి ఈకలు పసుపెక్కి జిడ్డుగా అయ్యాయి

కొవ్వు తీయలేదు. నన్నడిగితే సగం పని ఇదే, అందరూ బద్ధకించేదీ ఇక్కడే. ఈకల మొదళ్ల మధ్య పసుప్పచ్చగా కనిపించేదంతా గీకేయాలి, కత్తి మొద్దు వైపుతో గీకి, సందుల్లో పాత టూత్ బ్రష్షు వాడండి. తర్వాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించి, తువ్వాలుతో ఒత్తి, హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి ఈకల్ని వేళ్లతో విడదీస్తూ ఆరబెట్టాలి. ఈకలు ముద్దలు కట్టాయంటే ఆరడం సగంలో ఆపేశారన్నమాట. ఆ తర్వాతే లోపలంతా వెలిగారం. అంతా కుట్టేశాక జిడ్డు బయటపడితే పైన ఎంత తుడిచినా మళ్లీ వస్తుంది, కుట్లు విప్పాల్సిందే. బ్రాయిలర్‌కి ఈ తంటా ఇంకా ఎక్కువ, పైగా తోలు పల్చన.

కుట్లు కలవట్లేదు, పక్షి ఉబ్బినట్టుంది

అసలు ఒంటి బదులు లోపల పెట్టిన నార ఒళ్లు పెద్దదైంది. తోలు ఒలిచాక అసలు ఒంటిని పేపరు మీద పెట్టి చుట్టూ గీసుకోండి, మెడ పొడవు కూడా, ఆ తర్వాతే పారేయండి. జనపనార చుట్టిన ఒళ్లు ఆ గీత దాటకూడదు.

రెక్క వాలిపోతోందంటే దాన్ని నిలబెట్టే తీగ ఆ నార ఒంట్లో దిగబడలేదు. ఒళ్లు దాటించి అవతలి వైపు కొస వంచి, మళ్లీ లోపలికి గుచ్చాలి.

పుంజు తురాయి ముడుచుకుని నల్లబడింది

అది మెత్తటి కండ, ఎండితే అంతే. సంక్రాంతి పందెం బరిలో పోయిన డేగ పుంజుని గుర్తుగా దాచుకోవాలని సరదా పడేవాళ్లకి ఇది పెద్ద నిరాశ (అసలు అది కూరలోకి పోకుండా చేతికి దక్కితే కదా). దక్కినా కత్తి గాట్లు లోపలి నుంచి కుట్టాలి, తురాయిని ఎం-సీల్‌తో చేసి రంగు వేయాలి. అందుకే మొదటిసారి పెట్టనే తీసుకోమన్నది.

స్టాండు కింద రంపపు పొట్టులాంటి పొడి రాలుతోంది

పురుగు పట్టింది, కండ మిగిలిన చోటో, వెలిగారం అందని చోటో ఉంటుంది. ఎక్కువగా పుర్రెలోనూ, రెక్క ఎముక దగ్గరా చూడండి. బొమ్మని కవర్లో బిగించి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో ఉంచండి. తీసిన వెంటనే కవరు విప్పొద్దు, గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే ఈకల మీద తేమ పట్టి వానాకాలమైతే బూజు కూడా తోడవుతుంది. తర్వాత అద్దాల పెట్టెలో పెట్టి, మూలన సిలికా జెల్ పొట్లాలు వేస్తే సరి.