ఇంట్లో ఒకరికి డయాలిసిస్ మొదలైతే: ప్రార్థననీ ఆసుపత్రినీ ఎలా కలుపుకోవాలి

కిడ్నీలు పాడయ్యాయి, డయాలిసిస్ (మిషన్‌తో రక్తం శుభ్రం చేయడం) తప్పదని డాక్టరు చెప్పిన సాయంత్రానికే సంఘం వాళ్లు ఇంటికి వస్తారు, చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తారు, మంచిదే. వెళ్తూ వెళ్తూ టీపాయ్ మీద పెట్టి వెళ్లేవి మాత్రం ఒకసారి చూసుకోండి. కొబ్బరిబోండాలు, అరటిపళ్లు, బత్తాయిలు. వీటిలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో మరీ పెరిగితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మొహమాటం పక్కన పెట్టి సంఘం వాట్సాప్ గ్రూపులో ఇలా రాసేయండి: "వందనాలండి, అమ్మకి పళ్లు, కొబ్బరినీళ్లు డాక్టరు వద్దన్నారు. రావాలనుకున్నవాళ్లు మంగళవారం పొద్దున ఆసుపత్రిలో అమ్మ దగ్గర కాసేపు కూర్చుంటే చాలు."

నిజంగా కావలసిన సాయం అదే. వారానికి సాధారణంగా మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి, చెన్నైలో ఆవడి నుంచో తాంబరం నుంచో ఆసుపత్రికి వచ్చేవాళ్లకి రానూపోనూ ట్రాఫిక్ కలిపితే ఆ రోజు అయిపోయినట్టే. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దావిడకి తమిళం రాదు, మధ్యలో కాళ్లు పట్టేసినా, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతున్నా టెక్నీషియన్‌కి చెప్పలేక పళ్లు బిగబట్టి కూర్చుంటుంది. తమిళం వచ్చిన కుర్రాడొకడు యవ్వనస్థుల కూటం నుంచి వచ్చి పక్కన ఉంటే ఎంత టెన్షన్ తగ్గుతుందో! ప్రార్థన మనవిలో "మా కోసం ప్రార్థించండి" అని ఆపేయకుండా ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ పని అనేది చెప్పండి, జనం చేస్తారు.

ఇక అసలు మాట. స్వస్థత కూటానికి తీసుకెళ్లండి, నూనె రాయించండి, ఎవరూ కాదనరు. కానీ "విశ్వాసం ఉంటే మిషన్ ఎందుకమ్మా" అనే మాట ఎవరన్నా సరే, స్టేజీ మీద మైకు పట్టుకున్న అయ్యగారే అన్నా సరే, దాన్ని ఇంటిదాకా మోసుకురావద్దు. డయాలిసిస్ ఎగ్గొడితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసంతో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సి రావచ్చు. బైబిల్లో జబ్బుపడ్డ హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు ఆయుష్షు 15 ఏళ్లు పెంచాడు, అయినా యెషయా ప్రవక్త ఆయన కురుపు మీద అంజూరపు ముద్ద కట్టించాడు కదా. మన దేశంలో మొదట కిడ్నీ మార్పిడి విజయవంతమైంది 1971లో వెల్లూరు సీఎంసీలో, అది ఐడా స్కడర్ అనే మిషనరీ డాక్టరమ్మ మొదలుపెట్టిన ఆసుపత్రి. నిజంగా బాగైతే ఆ సంగతి పరీక్షల్లో తెలుస్తుంది, డయాలిసిస్ ఆపమని అప్పుడు డాక్టరే చెప్తారు.

ఉపవాస ప్రార్థన పేషెంటు చేయకూడదు, ముఖ్యంగా షుగరు ఉండి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు. కిడ్నీ చెడితే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది, తిండి మానేస్తే షుగరు ఢమాల్న పడిపోతుంది. వాళ్ల బదులు మీరు ఉండండి ఉపవాసం. రోజుకి ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు చెప్పిన కొలత పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టండి, మాత్రలు వేసుకునే గుక్క కూడా అందులోంచే. ప్రభువు బల్ల దగ్గర తీసుకునే ద్రాక్షరసం ఒక గుక్కే కాబట్టి దానికి కంగారు అక్కర్లేదు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు ఎలాగూ మానాలి, ఉప్పు తగ్గిద్దామని లో సోడియం ఉప్పు మాత్రం కొనొద్దు, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే.

ఫిస్టులా (డయాలిసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) వేసిన చెయ్యి ఉంటుంది చూశారూ, ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి, గాజులు బిగుతుగా వేయకండి. పొద్దున కుటుంబ ప్రార్థనలో ఎలాగూ చెయ్యి పట్టుకుంటారు కదా, ఆ మచ్చ మీద రెండు వేళ్లు ఆనించండి, లోపల రక్తం జుమ్మని కదులుతున్నట్టు తెలుస్తుంది. ఆ అదురు తెలియకపోతే ఆమెన్ చెప్పి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి, సాయంత్రం దాకా ఆగొద్దు.

"ఏ పాపమో" అనేవాళ్లు ఒకరిద్దరు తగులుతారు. శ్రీకాకుళం ఉద్దానంలో ఊళ్లకి ఊళ్లే కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నాయి, కారణమేంటో శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు, అక్కడందరూ పాపులనా? పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే అడిగితే వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదన్నాడు యేసు. ఆ జవాబు చాలు, వాదన పెంచుకోకండి.

చూసుకునేవాళ్ల సంగతి ఎవరూ అడగరు. చచ్చిపోతే బాగుండునని బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకి దూత బోధ చేయలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. మీరు కూడా వారానికి ఒక పూట బాధ్యత ఇంకొకరికి అప్పజెప్పి నిద్రపోండి. స్తుతి పాట నోట రాని రోజున 88వ కీర్తన చదువుకోండి, చివరి మాట దాకా చీకటే ఉంటుంది అందులో, అయినా అదీ ప్రార్థనే.

డబ్బు విషయానికొస్తే, తమిళనాడు రేషన్ కార్డు, ఆదాయ పత్రం ఉన్నవాళ్లు ముఖ్యమంత్రి బీమా పథకం గురించి ఆసుపత్రి కౌంటర్లో అడగండి. 1993లో చెన్నైలో మొదలైన ట్యాంకర్ ఫౌండేషన్ తక్కువ ఖర్చుతో డయాలిసిస్ చేయిస్తుంది. కిడ్నీ మార్పిడికైతే 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం దగ్గరి బంధువులు, అంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతా అమ్మమ్మలు, మనవలు కిడ్నీ ఇవ్వొచ్చు. సంఘంలో ఒక తమ్ముడు ప్రేమతో నేనిస్తానని ముందుకొచ్చినా అనుమతి కమిటీ ఒప్పుకోవాలి, డబ్బు చేతులు మారితే నేరం. ఇంట్లో ఎవరిది సరిపోతుందో చూస్తూనే, చనిపోయినవాళ్ల అవయవాలు కేటాయించే తమిళనాడు ప్రభుత్వ సంస్థ ట్రాన్స్‌టాన్ జాబితాలో పేరు రాయించమని అదే వారం డాక్టరుని అడగండి, ఆ వరుస చాలా పొడుగు.