దుకాణం లెక్క, కంప్యూటర్ లెక్క – 3వ పాఠం: ఇద్దరు సత్యనారాయణలు

గత పాఠంలో మీకొక పని చెప్పాను. ఒక రోజు చిట్టా, అంటే ఆ రోజు జరిగిన అమ్మకాలు రాసుకునే పుస్తకం తీసుకుని, అందులోని ప్రతి పంక్తి ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో పక్కనే రాయమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఇంకా చేయనివారు అది పూర్తి చేసి రండి, నేటి పాఠమంతా దాని మీదనే నడుస్తుంది.

మన ఉదాహరణ పాతదే: భీమవరం దగ్గర రొయ్యల మేత అమ్మే దుకాణం. మేత అరువు మీద వెళుతుంది, డబ్బు పట్టుబడి అయ్యాక, అంటే చెరువులో రొయ్యలు పట్టాక వస్తుంది. మధ్యలో మూడు నాలుగు నెలలు దుకాణదారు సొమ్మంతా చెరువుల్లోనే ఉంటుంది. చేతిలో మిగిలేది పుస్తకం ఒక్కటే. సమాచార వ్యవస్థ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు, ఎందుకంటే ఇక్కడ ఒక పంక్తి తప్పితే డబ్బూ పోతుంది, మనిషీ దూరమవుతాడు.

ఈ దుకాణంలో మూడు పుస్తకాలుంటాయి. ఏ రోజుకారోజు జరిగినది చిట్టాలో ఎక్కుతుంది. ఎవరి బాకీ ఎంతో ఆవర్జాలో ఉంటుంది. గిడ్డంగిలో ఎన్ని బస్తాలున్నాయో సరుకు పుస్తకం చెబుతుంది. సత్యనారాయణ గారు 3వ నంబరు మేత 20 బస్తాలు పట్టుకెళ్లారు అనుకోండి. జరిగిన సంగతి ఒక్కటే, రాసేది మాత్రం మూడు చోట్ల. చిట్టాలో 20 అని ఉండి ఆవర్జాలో 2 అని పడితే ఏది నిజం?

కొన్నేళ్లు నేను ఇలాంటి దుకాణంలోనే లెక్కలు రాశాను. మా ఖాతాదారుల్లో ఒకే ఊరి సత్యనారాయణలు ఇద్దరుండేవారు. ఒకసారి సరుకు ఎత్తించిన కుర్రవాడు చీటీ మీద ఇంటిపేరు లేకుండా ‘సత్యనారాయణ, 20’ అని రాశాడు. రాత్రి దీపాలు ఆర్పే వేళ నేను దాన్ని రెండో ఆయన ఖాతాకు ఎక్కించాను. పట్టుబడి అయ్యాక ఆయన లెక్క చూసుకోవడానికి వచ్చారు. తన చీటీలన్నీ ఇనుప తీగకు గుచ్చి దాచుకున్నారు. ఒక్కొక్కటి తీసి బల్ల మీద పరుస్తూ మా ఆవర్జాతో సరిచూశారు. అన్నీ సరిపోయాయి, ఆ 20 బస్తాల చీటీ మాత్రం లేదు. 20 బస్తాలంటే 500 కిలోల మేత. మా వైపు చీటీ వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. మొదటి సత్యనారాయణ గారు అప్పటికే లెక్క తీర్చుకుని వెళ్లిపోయారు. అడగగానే ఆయన డబ్బు ఇచ్చారు కానీ, రెండో ఆయన ఆ ఏడు తరువాత మా దుకాణానికి రాలేదు. ఆ తప్పు నాది. నా చేతిరాతలోనో కూడికలోనో లోపం లేదు. మనిషిని పేరుతో గుర్తుపట్టవచ్చనుకోవడమే లోపం.

పేరు పిలవడానికి, నంబరు గుర్తించడానికి. ప్రతి రైతుకూ ఒక నంబరు ఇవ్వండి. ఒకసారి ఇచ్చాక మార్చకండి. ఆ రైతు వ్యాపారం మానేసినా దాన్ని మరొకరికి ఇవ్వకండి. నంబరులో ఊరి పేరో ఇంటిపేరో ఇరికించాలని చాలామందికి అనిపిస్తుంది, అది మానుకోండి. ఈ ఏడు ఈ ఊళ్లో చెరువు చేసిన రైతు వచ్చే ఏడు పక్క మండలంలో కౌలుకు తీసుకోవచ్చు. అప్పుడు నంబరే అబద్ధం చెబుతుంది.

కౌలు మాట వచ్చింది కనుక ఇక్కడ కొంచెం నిలబడదాం. మేత పడేది చెరువులో, బాకీ ఉండేది రైతు మీద. ఒకే రైతుకు మూడు చెరువులుండవచ్చు. అదే చెరువు వచ్చే పంటకు ఇంకొకరి కౌలులోకి పోవచ్చు. కాబట్టి రైతుల పట్టిక వేరు, చెరువుల పట్టిక వేరు, సరుకుల పట్టిక వేరు. ఈ మూడింటినీ కలిపేది చిట్టా: 12వ తేదీ, రైతు 47, చెరువు 112, సరుకు 3, బస్తాలు 20. రైతు ఫోను నంబరు మారితే రైతుల పట్టికలో ఒక్క చోట దిద్దితే చాలు. సమాచారాన్ని ఇలా పట్టికలుగా విడదీసి, గుర్తింపు అంకెలతో ముడివేసే పద్ధతిని ఐబీఎం అనే కంప్యూటర్ల సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు. ఇవాళ బ్యాంకులు, దుకాణాలు వాడే డేటాబేస్‌లలో, అంటే సమాచారం దాచే కంప్యూటర్ పుస్తకాల్లో, చాలా వాటికి ఆధారం అదే. ఆ గుర్తింపు అంకెను డేటాబేస్‌లతో పనిచేసేవాళ్లు ‘కీ’ అంటారు.

ఇప్పుడు అసలు మార్పు చూడండి. ఆవర్జాను ఇక ఎవరూ రాయరు. చిట్టాలో రైతు 47 ఉన్న పంక్తులన్నీ ఏరి కూడితే వచ్చేదే ఆయన ఆవర్జా. సరుకు 3 ఉన్నవి ఏరి, వచ్చిన బస్తాల్లోంచి తీసివేస్తే గిడ్డంగి నిల్వ తేలుతుంది. సంగతిని రాసేది ఒక్కసారే, మిగిలినవన్నీ దానిలోంచి పుట్టేవే.

ఒక్క జాగ్రత్త. ధరను మాత్రం సరుకుల పట్టికలో చూసి తెచ్చుకోకండి, అమ్మిన నాటి ధరను చిట్టా పంక్తిలోనే రాయండి. రాసినదే మళ్లీ రాస్తున్నట్టు అనిపిస్తుంది కానీ, కాదు. పట్టికలో ఉన్నది నేటి ధర, పంక్తిలో ఉన్నది ఆనాటి మాట. నేటి ధర మారినప్పుడు పాత బాకీలన్నీ దానితో పాటు మారిపోతే ఏ రైతూ మిమ్మల్ని నమ్మడు.

ఈ పనికి కంప్యూటర్ తప్పనిసరి కాదు, గీతలు గీసిన పుస్తకంలో కూడా మొదలుపెట్టవచ్చు. లండన్‌లో టీ దుకాణాలు నడిపిన లయన్స్ అనే సంస్థ 1951లో లియో అనే సొంత కంప్యూటర్‌ను వ్యాపార పనికి దింపింది. బేకరీ సరుకు విలువ కట్టడంతో మొదలుపెట్టింది. అయితే అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే తమ కాగితాల పనిని విడమరచి చక్కదిద్దుకుంటూ వచ్చింది. యంత్రం దొరికేసరికి దానికి ఏం చెప్పాలో వాళ్లకు తెలుసు.

చెరువు నంబరు రాయడం వల్ల మరో మేలు ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. చెరువు 112కు పంట మొత్తంలో 60 బస్తాలు, అంటే 1500 కిలోల మేత వెళ్లిందని చిట్టా చెబుతుంది. పట్టుబడిలో 1000 కిలోల రొయ్య వచ్చింది. కిలో రొయ్యకు కిలోన్నర మేత పట్టిందన్నమాట. పక్క చెరువుకు రెండు కిలోలు పట్టి ఉంటే ఆ రైతుతో మాట్లాడాల్సిన విషయం ఉంది. పంట నడుమ ఏదైనా చెరువు కొనుగోలు ఒక్కసారిగా పడిపోయినా ఫోను చేయండి. రొయ్య జబ్బుపడితే ముందు మేత తగ్గిస్తుంది. అమావాస్యకో పౌర్ణమికో కుబుసం విడిచే రోజుల్లో కూడా మేత తగ్గుతుందని రైతులు చెబుతారు, కాబట్టి అంకె చూసి కంగారు పెట్టకుండా అడిగి తెలుసుకోండి.

ఈ వారం పని: మీ ఖాతాదారుల జాబితా రాసి ఒకే పేరున్నవారిని ఏరండి. ఒకే మనిషి రెండు పేర్లతో ఉన్న చోట్లనూ వెతకండి, అవి దొరకడం ఇంకా కష్టం. తరువాత అందరికీ నంబర్లు ఇచ్చి, పాత చిట్టాలో పది పంక్తులను కొత్త పద్ధతిలో తిరగరాయండి. ఏ పంక్తికైనా చెరువు ఏదో తేలకపోతే ఖాళీగా వదలండి, ఊహించి నింపకండి. ఒకసారి రాసిన పంక్తి తప్పని తేలితే దాన్ని కొట్టివేయాలా, వేరే పంక్తితో సరిచేయాలా అన్నది 4వ పాఠం.