కాంపాక్ట్ పికప్పా, మిడ్‌సైజ్ పికప్పా: కొనే ముందు చూసుకోవలసినవి

అమెరికాలో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఒకటి రెండు వేసవులు గడిచేసరికి పికప్ (వెనక తెరిచిన తొట్టి ఉన్న బండి) ఆలోచన వస్తుంది. బీరపాదుకు పందిరి వేయాలంటే కర్రలు తేవాలి, మళ్లకు మట్టీ ఎరువూ తేవాలి, పాత సోఫాను పారవేయాలి, చవితికి వినాయకుణ్ణి గుడికి చేర్చాలి. ప్రతిసారీ ట్రక్కు అద్దెకు తెచ్చుకోలేక చివరకు షోరూముకు వెళ్తారు. వెళ్లాక మాత్రం అసలు పనిని మరచిపోయి, ఎత్తైన టైర్లనూ పెద్ద తెరనూ చూసి నిర్ణయం తీసుకోవడం చాలాసార్లు గమనించాను. నేను ఇప్పటికి రెండు పికప్‌లు వాడాను, స్నేహితుల కోసం మరికొన్ని పరిశీలించాను. ఆ అనుభవం మీద ఇది రాస్తున్నాను.

కాంపాక్ట్ తరగతిలో చెప్పుకోదగినవి ఫోర్డ్ మావెరిక్, హ్యుందాయ్ శాంటా క్రూజ్. రెండూ 2022 మోడల్‌గా వచ్చినవే. మిడ్‌సైజ్‌లో టొయోటా టకోమా, నిస్సాన్ ఫ్రాంటియర్, ఫోర్డ్ రేంజర్, షెవర్లే కొలరాడో, జీప్ గ్లాడియేటర్, హోండా రిడ్జ్‌లైన్ ఉన్నాయి. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మాక్స్‌ను ఇండియా రోడ్ల మీద చూసినవారికి మిడ్‌సైజ్ అంటే ఎంత బండో వెంటనే అర్థమవుతుంది. ఆ బండీ, టొయోటా హైలక్సూ అమెరికాలో అమ్మకానికి లేకపోవడానికి ఒక ముఖ్య కారణం 1964 నుంచి అమలులో ఉన్న 25 శాతం దిగుమతి సుంకం. యూరప్ అమెరికా కోళ్ల మీద వేసిన పన్నుకు బదులుగా పుట్టింది కనుక దానికి ‘చికెన్ ట్యాక్స్’ అనే పేరు నిలిచిపోయింది.

పరిమాణం కన్నా ముఖ్యమైన తేడా బండి అడుగున ఉంటుంది. మావెరిక్, శాంటా క్రూజ్, రిడ్జ్‌లైన్ మూడింటికీ కారులాగా బాడీ అంతా ఒకే కట్టుగా ఉంటుంది. మిగతావాటిలో లారీకి ఉన్నట్లు విడిగా ఉక్కు ఫ్రేము వేసి, దాని మీద క్యాబిన్‌నూ వెనక తొట్టినీ బిగిస్తారు. కారు కట్టు బండి మెత్తగా నడుస్తుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది. ఫ్రేము బండి బరువైన ట్రైలర్ లాగడానికీ రాళ్ల దారికీ తట్టుకుంటుంది. మీకు ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

అది తేలాలంటే ముందు బరువు లెక్క వేయాలి. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు తెలుపు రంగుల చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో దాని మీద ఉంటుంది. ప్రకటనల్లో చెప్పే పేలోడ్ (బండి మోయగల బరువు) ఆ మోడల్‌లో అత్యధికం మాత్రమే, స్టిక్కరు మీది అంకె మాత్రం ఆ ఒక్క బండిది. సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్, ఆఫ్‌రోడ్ సామగ్రి చేరేకొద్దీ అది తగ్గుతుంది. అందుకే ఖరీదైన మిడ్‌సైజ్ బండి ఒక్కోసారి చవకైన కాంపాక్ట్ కన్నా తక్కువ బరువు మోస్తుంది. మావెరిక్ పేలోడ్ సుమారు 1500 పౌండ్లు. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే 600 పౌండ్లు పోయి 900 మిగులుతాయి. అంటే 80 పౌండ్ల కాంక్రీటు సంచులు పదకొండు పడతాయి, పన్నెండోది పట్టదు.

మట్టి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తోట సరుకు అమ్మే చోట మట్టిని క్యూబిక్ యార్డుల లెక్కన లోడరుతో పోస్తారు. యార్డు అంటే చిన్నదిగా వినిపిస్తుంది కానీ, కాస్త తడిగా ఉన్న మట్టి యార్డుకు 2000 పౌండ్లు దాటుతుంది. మా మొదటి వసంతంలో నేను ఒక యార్డు అడిగాను. లోడరు నడిపే పెద్దమనిషి బకెట్టు సగం వంచి ఆపేసి, కిందికి దిగి వచ్చి, వెనక టైరుకూ దాని మీది అంచుకూ మధ్య మిగిలిన సందులో రెండు వేళ్లు పెట్టి చూపించాడు. ముందు చక్రాల వైపు బండి పైకి లేచినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. అలా లేచినప్పుడు స్టీరింగు తేలికవుతుంది, బ్రేకు సరిగా పట్టదు. అప్పటినుంచి అరయార్డు చొప్పున రెండుసార్లు తెచ్చుకుంటున్నాను. ఈ పనికి కాంపాక్ట్ అయినా మిడ్‌సైజ్ అయినా రెండు తిరుగుళ్లు తప్పవు కనుక, మట్టి కోసమని పెద్ద బండి కొనవలసిన అవసరం లేదు.

ట్రైలర్ లాగేవారి లెక్క వేరు. మొదట వచ్చిన మావెరిక్ హైబ్రిడ్ 2000 పౌండ్ల వరకు లాగగలిగేది. టర్బో ఇంజనుతో పాటు టోయింగ్ ప్యాకేజీ తీసుకుంటే అది 4000కు చేరుతుంది. శాంటా క్రూజ్ టర్బోకూ రిడ్జ్‌లైన్‌కూ హద్దు 5000. టకోమా 6500 వరకు, రేంజర్ 7500 వరకు లాగుతాయి. అయితే ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుందనీ, ఆ భారాన్ని కూడా పేలోడ్‌లోనే లెక్కించాలనీ గుర్తుంచుకోవాలి. 5000 పౌండ్ల క్యాంపింగ్ ట్రైలర్ తగిలిస్తే హిచ్ ఒక్కటే 500 నుంచి 750 పౌండ్లు తినేస్తుంది. ఏడాదికి ఒక్కసారైనా అంత ట్రైలర్ లాగని వారికి ఆ పెద్ద అంకెల వల్ల ప్రయోజనం లేదు.

తొట్టి పొడవును టేపుతో కొలవండి. మావెరిక్‌ది నాలుగున్నర అడుగులు, శాంటా క్రూజ్‌ది ఇంకా కాస్త పొట్టి. మిడ్‌సైజ్‌లో సాధారణంగా ఐదడుగులు, కొన్నింటిలో ఆరడుగులు. ప్లైవుడ్ షీటు వెడల్పు నాలుగడుగులు కాగా, చాలా బండ్లలో చక్రాల ఉబ్బుల మధ్య ఖాళీ అంతకన్నా తక్కువే ఉంటుంది. రిడ్జ్‌లైన్‌లో మాత్రం షీటు నేల మీద చదునుగా పడుతుంది. దాని తొట్టి కింద తాళం పడే డిక్కీ కూడా ఉంది. కిరాణా తడవకుండా ఇంటికి చేర్చుకోవాలనుకునేవారికి ఇంత పనికొచ్చే ఏర్పాటు మరో పికప్‌లో నేను చూడలేదు.

సౌకర్యాన్ని డ్రైవరు సీట్లో కూర్చుని తేల్చకండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండే ఇళ్లలో వెనక సీటే అసలు పరీక్ష. మా అమ్మ మోకాళ్ల నొప్పితో ఎత్తైన ఫ్రేము బండి ఎక్కడానికి ఒక చేత్తో పైన పిడి పట్టుకుని, మరో చేత్తో నా భుజం మీద బరువు వేసి, రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది. అదే మావెరిక్‌లో నేరుగా కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంది. నాలుగు తలుపుల టకోమా డబుల్ క్యాబ్ వెనక సీటు పొడుగువాళ్లకు ఇరుకు. వెనక సీటు సుఖంలో రిడ్జ్‌లైన్‌ను మించినది ఈ తరగతిలో లేదని నా అభిప్రాయం. నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ ఉండటం దానికి కలిసివచ్చింది. వెనక కమాను పట్టీలున్న ఫ్రాంటియర్ వంటి బండ్లు తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు గతుకుల్లో ఎగురుతాయి, బరువు వేశాక నిలకడగా నడుస్తాయి. కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కు ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టి, రైలు పట్టాలు దాటే రోడ్డు మీదా, కాంక్రీటు హైవే మీదా కనీసం అరగంట నడపండి.

మన్నిక గురించి మాట్లాడేటప్పుడు కంపెనీ పేరును కాక ఆ తరం బండినీ, అందులోని ఇంజనునూ చూడాలి. టకోమా అనగానే ‘లక్షల మైళ్లు నడుస్తుంది’ అంటారు. ఆ పేరు తెచ్చుకున్నవి పాత తరాలు. 2024లో బండి పూర్తిగా మారి, వీ6 (ఆరు సిలిండర్ల ఇంజను) స్థానంలో 2.4 లీటర్ల టర్బో ఇంజను వచ్చింది కనుక, పాత పేరును కొత్త బండికి గుడ్డిగా తగిలించకూడదు. పాత తరంలోనూ లోపాలు లేకపోలేదు. 2005 నుంచి 2010 వరకు వచ్చిన టకోమాల ఫ్రేములు తుప్పు పట్టిన వ్యవహారంలో టొయోటా 2016లో భారీ పరిహార ఒప్పందానికి రావలసి వచ్చింది. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల నుంచి వచ్చిన పాత బండిని తప్పకుండా పైకెత్తించి, టార్చి వేసి, ఫ్రేము లోపలి వైపు చూపించుకోవాలి. పైన వేసిన కొత్త నల్లరంగును నమ్మవద్దు.

అలాగే 2005–2010 మధ్య ఫ్రాంటియర్లలో రేడియేటరు లోపల పగిలి కూలెంటు గేర్‌బాక్సులోకి చేరిన సందర్భాలు అనేకం. ఆ వయసు బండి కొంటే రేడియేటరు మార్చిన బిల్లు అడగండి. 2022లో మారిన ఫ్రాంటియర్‌లో టర్బో లేని 3.8 లీటర్ల వీ6 ఉంది. పదిహేనేళ్లు ఉంచుకోవాలనుకునే వారికి ఆ సాదాతనమే దాని బలం. రిడ్జ్‌లైన్ వీ6కు టైమింగ్ బెల్టు ఉంటుంది. సుమారు లక్ష మైళ్ల దగ్గర దాన్ని మార్చాలి, ఖర్చు తక్కువేమీ కాదు. 95 వేల మైళ్ల రిడ్జ్‌లైన్ చవకగా కనిపిస్తే ఆ ఖర్చును ధరలో కలుపుకోండి. ఏ బండికైనా 17 అక్షరాల విన్ నంబరును (ఆ బండి గుర్తింపు సంఖ్యను) ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ సైటులో వేసి, పెండింగు రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ సరిచేయడానికి వెనక్కి పిలిచినవి) చూడటం ఉచితం, రెండు నిమిషాల పని.

ఇక డబ్బు. ఏడాదికి 12,000 మైళ్లు నడిపేవారిని తీసుకుందాం. మొదట వచ్చిన మావెరిక్ హైబ్రిడ్ అధికారిక సగటు గ్యాలనుకు 37 మైళ్లు, రిడ్జ్‌లైన్‌ది 21. అంటే ఏడాదికి 324 గ్యాలన్లకు బదులు 571 గ్యాలన్లు. గ్యాలను మూడు డాలర్లనుకుంటే ఐదేళ్లలో తేడా సుమారు 3700 డాలర్లు. మావెరిక్ వచ్చిన కొత్తలో 20 వేల డాలర్ల లోపు మొదలైంది. ఆ ధర ఇప్పుడు లేకపోయినా, ఊళ్లో తిరిగే కుటుంబానికి దాని హైబ్రిడ్‌నే నేను ముందుగా సూచిస్తాను. టకోమాను తిరిగి అమ్మితే మంచి ధర వస్తుందన్నది నిజమే. అదే కారణంగా పాత టకోమా కొనేవారికి మిగులు తక్కువ కనుక, దాన్ని కొంటే కొత్తదే కొనడం మేలు. హ్యుందాయ్ ఇంజనుకిచ్చే పదేళ్ల లేదా లక్ష మైళ్ల వారంటీ మొదటి యజమానికి మాత్రమే పూర్తిగా వర్తిస్తుంది. సెకండ్ హ్యాండ్ శాంటా క్రూజ్ కొనేవారు ఈ సంగతి మరవకూడదు.

బేరం చేసేటప్పుడు పన్నులు, రవాణా రుసుము, డీలరు తగిలించిన అదనపు సామగ్రి అన్నీ కలిపి చివరి మొత్తాన్ని కాగితం మీద రాయించుకోండి. నెలవారీ వాయిదా ఎంతో చెప్పి దాటవేస్తే ఊరుకోవద్దు. ఒక డీలరు దగ్గర మా స్నేహితుడికి అడగని తొట్టి కవరూ, అద్దాల మీద విన్ నంబరు చెక్కుడూ కలిపి 1400 డాలర్లు వేశారు. లేచి రాబోతే తీసేశారు. బండి తీసుకునే రోజున సంతకానికి ముందు మరోసారి డ్రైవరు తలుపు తెరిచి, మీకు ఇస్తున్న ఆ బండి స్టిక్కరు మీది పౌండ్లను మీ లెక్క కాగితంతో సరిచూసుకోండి. షోరూములో నడిపి చూసిన బండీ, మీ పేరున వచ్చిన బండీ ఒకే మోడల్ అయినా ఆ అంకె వేరుగా ఉండవచ్చు.