వంటింటి సామాన్లతో పాపాయి ఆట: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

సమస్య: ముందు పెట్టినా చూడదు
మొదటి రెండు నెలల్లో పిల్లలకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది. లేత రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తెల్ల కాగితం మీద వేలి మందాన నల్ల చారలు గీసి, ముఖానికి జానెడు పైన పట్టుకోండి. కదిపేటప్పుడు ఎంత నిదానమైనా తక్కువే. చూపు జారితే చెయ్యి ఆపి, కళ్లు మళ్లీ దాని మీదికి వచ్చేదాకా ఆగండి. మూడు నాలుగు నెలలు వచ్చినా చూపు దేన్నీ వెంబడించకపోతే డాక్టరుకు చూపించాలి.

సమస్య: రెండు నిమిషాలు ఆడి ఏడుపు
చాలామంది దీన్ని విసుగనుకుని ఇంకో వస్తువు అందిస్తారు. సరిగ్గా అదే తప్పు. తల పక్కకు తిప్పుకోవడం, ఆవలింత, వేళ్లు బార్లా చాపడం, వీపు విల్లులా వంచడం... ఇవన్నీ 'ఇక చాలు' అని చెప్పడమే. సామాన్లు తీసేయండి, టీవీ ఆపండి, భుజాన వేసుకోండి. తర్వాతిసారి బుట్టలో పది వస్తువులు వద్దు, మూడు చాలు: ఒక స్టీలు గిన్నె, ఒక చెక్క గరిటె, ఒక మెత్తటి గుడ్డ.

సమస్య: సీసా గిలక్కాయ మోగదు, రంగునీళ్ల సీసా మసకేసింది
మోగకపోతే గింజలు ఎక్కువైనట్టే. కదలడానికి చోటుంటేనే చప్పుడు. 200 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాలో పావు వంతు మించి పోయకండి. బియ్యం గలగల మెత్తగా, చిక్కుడు గింజలవి గట్టిగా వినిపిస్తాయి. సీసాలో తడి ఉంటే లోపల బూజు పడుతుంది, కడిగాక రోజంతా బోర్లించి ఆరనివ్వండి.

నీళ్లు, నూనె పోసిన సీసా పాలలా తెల్లబడిందంటే లోపల గిన్నెల సబ్బు మిగిలి ఉందన్నమాట. సబ్బు నూనెను సన్నటి బిందువులుగా విడగొట్టి నీళ్లలో నిలబెట్టేస్తుంది, అవి తొందరగా తేటపడవు. పారబోసి, నురగ పోయేదాకా కడిగి మళ్లీ మొదలుపెట్టాలి. తినే రంగు ముందుగా నీళ్లలోనే కలపండి, నూనెకు అది అంటదు.

మూత మరలు పొడిగా తుడిచి, జిగురు రాసి, బిగించి, ఒక రోజు వదిలేయండి. ఆ తర్వాత కాగితం మీద రాత్రంతా తలకిందులుగా ఉంచితే కారుతున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. పగులు కనిపించిన సీసాకు టేపు అతికించి లాభం లేదు, పారేయడమే. వెల్లకిలా పడుకున్న బిడ్డకు సీసా ఇవ్వకండి, జారి ముఖం మీదే పడుతుంది.

సమస్య: అన్నీ నోట్లోకే
ఇది సమస్యే కాదు. ఈ వయసులో వేళ్లకన్నా పెదాలు, నాలుకే వస్తువును బాగా తెలుసుకుంటాయి. మార్చాల్సింది అలవాటును కాదు, వస్తువును. టాయిలెట్ కాగితం చుట్టిన అట్టగొట్టంలోంచి దూరిపోయేది ఏదైనా చిన్నదే, ఇవ్వకూడదు. పెచ్చులేచిన గరిటె, బెలూను, ప్లాస్టిక్ కవరు, జానెడు దాటిన తాడు కూడా వద్దు. రిమోట్లలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగిందేమోనన్న అనుమానం చాలు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

సమస్య: తడి స్పాంజి తాకగానే చెయ్యి లాక్కుంటుంది
కొత్త స్పర్శ అరచేతికి ఒక్కసారిగా ఎక్కువవుతుంది. చెయ్యి పట్టి అద్దకండి. మొదట మీరు తాకి చూపించండి, తర్వాత పాదానికి తాకించండి. పొడి స్పాంజి, తడి స్పాంజి పక్కపక్కన పెట్టి ఊరుకుంటే రెండు మూడు రోజుల్లో తనే వేలితో పొడిచి చూడొచ్చు. నీళ్ల పళ్లెం పెడితే మాత్రం బిడ్డ మీ చేతికందే దూరం దాటి మీరు వెళ్లొద్దు. రెండు మూడు సెంటీమీటర్ల లోతు కూడా బిడ్డకు ప్రాణాంతకమే. ఆట అయిన వెంటనే వంచేయండి.

సమస్య: ఇచ్చినవన్నీ విసిరేస్తోంది
తొమ్మిది పది నెలలకు మామూలే. కింద మందపాటి దుప్పటి పరిచి, బరువైనవి తీసేయండి.