వానాకాలం బొద్దింకలను ఇంట్లోకి రాకుండా ఆపిన తీరు
నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గరలో, హోటళ్ల వెనుక సందులో ఉన్న మా ఇంట్లోకి, జూన్ వానలకు మోరీ నిండగానే, ఎర్రటి పెద్ద బొద్దింకలు స్నానాల గది జాలీ గుండా ఎక్కి వచ్చేవి. మందు కొడితే కనిపించినవి చచ్చేవి గానీ, గుడ్ల తిత్తిని ఆ మందు పెద్దగా ఏమీ చేయలేదు. ఒక్కో తిత్తిలో 16 వరకు గుడ్లుండి, నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. అందుకే ముందుగా దారి మూశాను. జాలీ కింద సన్నని స్టీలు వల బిగించి, సింకు గొట్టం గోడలోకి వెళ్లే చోట వేలు పట్టేంత ఖాళీని సిమెంటుతో పూడ్చాను. ఆ తర్వాతే బోరిక్ పౌడర్, గోధుమపిండి, చక్కెర కలిపిన ఉండలను ఇంట్లోని చిన్నపిల్లలకు అందని మూలల్లో పెట్టి, కొత్తగా పుట్టే వాటి కోసం మళ్లీ మార్చాను. రాత్రి ఎంగిలి గిన్నెలు మిగిలితే బొద్దింకలు ఉండల జోలికి అంతగా రావు, కాబట్టి పడుకునే ముందే గిన్నెలు తోమి, సింకును పొడిగా తుడుస్తున్నాం.