కుట్ల దగ్గర తేడా కనిపిస్తే ముందు రోజులు లెక్కపెట్టండి

కుట్ల ఫోటో పంపి "అక్కా, ఇది చీము పట్టినట్టేనా?" అని అడిగేవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: ఆపరేషన్ అయ్యి ఎన్నో రోజు?

మొదటి రెండు రోజులు: కొద్దిగా జ్వరం, కుట్ల పక్కన ఎరుపు

ఎక్కువ మందికి ఇది మామూలే. కట్టు విప్పి చూడొద్దు. కానీ నొప్పి గంటగంటకూ పెరుగుతూ, చర్మం నల్లబడి, కంపు నీరు కారితే అది లోపలికి పాకే ఇన్ఫెక్షన్ కావచ్చు. తెల్లారేదాకా ఆగకండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి దూరమైతే తిరుపతి రుయా ఆసుపత్రి ఎమర్జెన్సీకైనా వెళ్లిపోండి.

ఐదు నుంచి పదో రోజు: ఎరుపు పాకడం, సలుపు, చీము

కుట్లు చీము పట్టడం ఎక్కువగా ఇప్పుడే బయటపడుతుంది. అనుమానంగా ఉంటే ఎరుపు అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీయండి. సాయంత్రానికి ఎరుపు గీత దాటిందంటే ఇక ఆలోచించక్కర్లేదు, డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. అక్కడ రెండు మూడు కుట్లు విప్పి, చీము వదిలించి, గాయాన్ని తెరిచే ఉంచి రోజూ డ్రెస్సింగ్ చేస్తారు. "కుట్లే విప్పేశారు" అని టెన్షన్ పడకండి. చీము లోపలే ఉంటే ఒట్టి మాత్రలతో తగ్గదు. పసుపు, కాఫీ పొడి, మెడికల్ షాపు పౌడర్ ఏదీ చల్లొద్దు. పైన పెచ్చు కడుతుంది, కింద చీము అలాగే ఉంటుంది.

పొట్ట ఆపరేషన్ అయిన వారానికి: మాంసం కడిగిన నీళ్లలా కారడం

నాకు అన్నిటికన్నా భయం దీంతోనే. పైకుట్లు బాగానే కనిపిస్తాయి, కట్టు మాత్రం ఉన్నట్టుండి తడిసిపోతుంది. లోపలి పొర విడిపోతోందని అర్థం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పేగు బయటికొస్తే లోపలికి నెట్టొద్దు. మోకాళ్లు మడిచి పడుకోబెట్టండి. సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి. నోటికి నీళ్లు కూడా ఇవ్వొద్దు.

ఇది రాకుండా ఉండాలంటే దగ్గు వచ్చినప్పుడు పొట్టకు దిండు అదిమి పట్టుకోవాలి, మలబద్ధకం రానివ్వకూడదు. నీళ్ల క్యాను ఎత్తడం ఆరు వారాల దాకా వద్దు. అలిపిరి మెట్ల మొక్కూ అంతే. ఆ 3,550 మెట్లు ఎక్కడికీ పోవు, డాక్టర్ సరేనన్నాక ఎక్కండి. కపిలతీర్థంలో స్నానం కూడా గాయం పూర్తిగా మానాకే.

కుట్ల కింద మెత్తటి బుడ్డ

ఎరుపూ నొప్పీ లేకపోతే చాలావరకు నీరు చేరిందే. నొక్కొద్దు, సూది గుచ్చొద్దు. ఒకసారి డాక్టర్‌కు చూపించండి.

ఎన్నాళ్లైనా మానకపోవడం

షుగర్, బీడీ, పథ్యం. మొదటి రెండూ అందరికీ తెలుసు. పథ్యం విషయంలో నేను ఓడిపోతూనే ఉన్నాను. తిరుచానూరు నుంచి ఒక పెద్దావిడ పన్నెండో రోజు వచ్చింది. చీము లేదు, ఎరుపు లేదు, గాయం అంచులు మాత్రం పాలిపోయి అతుక్కోకుండా ఉన్నాయి. "ఏం తింటున్నావమ్మా?" అంటే "కారప్పొడి అన్నం. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందంట కదా!" అంది. కొత్త కండ పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి, అవి ఉండేది ఆమె మానేసిన వాటిలోనే. ఆమెకు రోజూ గుడ్డు, పప్పు, పెరుగు పెట్టమని కోడలికి చెప్పి పంపాను.

ఇంకా ఆపరేషన్ కాని వాళ్లకు ఒక మాట. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చినట్టు ఇంట్లోనే బ్లేడుతో పొట్ట నున్నగా గీసుకుని రావొద్దు. కంటికి కనిపించని ఆ గాట్లలోనే సూక్ష్మక్రిములు చేరతాయి. వెంట్రుకలు తీయాల్సి వస్తే ఆసుపత్రిలో మేమే మెషీన్‌తో తీస్తాం.